ఖరీదైన స్మార్ట్ స్పీకర్ కొనే ముందు దాని ఆయుష్షు లెక్కగట్టడం ఎలా?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ల హాల్లో టీవీ పక్కన ఇప్పుడు ఒక స్మార్ట్ స్పీకర్, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చుకునే వైఫై స్పీకర్, కనిపిస్తోంది. పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం ఒడియా భజనలు, సాయంత్రం పిల్లల సినిమా పాటలు, అన్నీ దాంట్లోనే. నాలుగైదు వేలకు దొరికే చిన్నవాటి సంగతి ఇక్కడ చెప్పడం లేదు, అవి పోయినా పెద్ద బాధ ఉండదు. ఇరవై వేలు, ముప్పై వేలు, ఆ పైన పెట్టాలనుకుంటున్నవాళ్ల కోసమే ఇది.

షాపులో అందరూ సౌండ్ ఎలా ఉంది, ఎంత తగ్గిస్తారు అని అడుగుతారు. ఎన్నేళ్లు నడుస్తుంది అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా 'వన్ ఇయర్ వారంటీ సార్' అంటారు. వారంటీ వేరు, ఆయుష్షు వేరు. మన గుడి మైకు సెట్టు పాతికేళ్ల నాటిదైనా మోగుతూనే ఉంటుంది, మూగబోతే బజార్లో మెకానిక్ విప్పి ఏ కెపాసిటరో మార్చి ఇస్తాడు. స్మార్ట్ స్పీకర్‌కు అలా కుదరదు. కరెంటు వస్తుంది, లైటు వెలుగుతుంది, లోపల శబ్దం పుట్టించే కోన్ కొత్తగానే ఉంటుంది, అయినా పాట రాదు. ఎక్కడో కంపెనీ సర్వర్ ఆగిపోయి ఉంటుంది.

మొదట: ఇవి ఎలా మూలపడతాయో తెలుసుకోండి

ఇది చదవకుండా ధరల దగ్గరికి వెళ్లొద్దు. ధర విలువ తెలిసేది ఇక్కడే.

2020 జనవరిలో సోనోస్ అనే స్పీకర్ల కంపెనీ తన పాత మోడళ్లు కొన్నింటికి ఆ ఏడాది మే నుంచి అప్‌డేట్లు ఉండవని ప్రకటించింది. ఆ జాబితాలో 2015 దాకా అమ్మినవి కూడా ఉన్నాయి. అంటే కొన్న ఐదేళ్లకే కొందరికి ఆ కబురు అందింది. కొన్నవాళ్లు గట్టిగా తిరగబడితే అప్పటి సీఈవో పాట్రిక్ స్పెన్స్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ జూన్‌లో కొత్తవాటికి ఎస్2 అనే యాప్ ఇచ్చి, పాతవాటిని ఎస్1 యాప్‌లో ఉంచేశారు. స్పీకర్లు చచ్చిపోలేదు గానీ, ఒకే ఇంట్లో పాతవీ కొత్తవీ కలిసి పాడటం కష్టమైపోయింది. అదే కంపెనీ 2024 మేలో యాప్‌ను పూర్తిగా మార్చేసింది. అలారం, స్లీప్ టైమర్ లాంటివి కొత్త యాప్‌లో లేకుండా పోయాయి. నెలల తరబడి ఆ గోల నడిచింది, 2025 జనవరిలో స్పెన్స్ పదవి నుంచి తప్పుకున్నారు.

బోస్ కంపెనీ సౌండ్‌టచ్ స్పీకర్ల కథ ఇంకో రకం. 2013లో మొదలైన ఈ వరుసకు క్లౌడ్ సర్వీసు (కంపెనీ సర్వర్ నుంచి నడిచే సేవ) 2026 ఫిబ్రవరి 18తో ఆపేస్తున్నామని కంపెనీ 2025 అక్టోబర్‌లో చెప్పింది. జనం గొడవ చేశాక గడువును మే 6 దాకా జరిపి, బయటి ప్రోగ్రామర్లు సొంతంగా ఏదైనా తయారు చేసుకోవడానికి సాంకేతిక పత్రాలు విడుదల చేసింది. అందులో గమనించాల్సింది ఒకటుంది: బ్లూటూత్, ఆక్స్ (పాట వైరు గుచ్చే రంధ్రం) ఉన్న సౌండ్‌టచ్‌లు సర్వర్ ఆగినా స్పీకర్లుగా పనికొస్తాయి. దీని సంగతి కింద మళ్లీ వస్తుంది.

గూగుల్ దగ్గర రెండు ఉదాహరణలు. 2022 జనవరిలో అమెరికాలో సోనోస్‌తో పేటెంట్ వివాదంలో తీర్పు తనకు వ్యతిరేకంగా రావడంతో, గ్రూపులోని స్పీకర్లన్నిటి వాల్యూమ్ ఒకేసారి మార్చే సౌకర్యాన్ని గూగుల్ వెనక్కి తీసుకుంది. డబ్బు కట్టి కొన్న సౌకర్యం ఇంట్లో ఉండగానే మాయమైంది. ఇక 2025 మార్చిలో టీవీకి తగిలించే పాత క్రోమ్‌కాస్ట్, స్పీకర్‌కు తగిలించే క్రోమ్‌కాస్ట్ ఆడియో ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. లోపల ఉండే భద్రతా సర్టిఫికెట్‌కు పదేళ్ల గడువు తీరడమే కారణం. కొన్ని రోజుల్లో సరిచేశారు. ఆడియో మోడల్ తయారీ 2019లోనే ఆగిపోయినా సరిచేశారంటే మెచ్చుకోవాల్సిందే, కానీ అది వాళ్ల దయ మీద జరిగిన పని.

రెండోది: ఏడాదికి ఎంత పడుతుందో లెక్క వేయండి

కాగితం తీసుకోండి. స్పీకర్ ధరను, ఇకపై సపోర్ట్ (అప్‌డేట్లు, సర్వర్) దొరికే ఏళ్లతో భాగించండి. అంతే లెక్క. అయితే ఆ ఏళ్లు ఎలా తెలుస్తాయి? ఆ మోడల్ ఎప్పుడు విడుదలైందో చూడండి, మీరు కొనే తేదీ దీనికి పనికిరాదు. ఆ తర్వాత కంపెనీ రాతపూర్వకంగా ఏం మాట ఇచ్చిందో వెతకండి. సోనోస్ ఒక మోడల్ అమ్మకం ఆపాక కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇస్తామంటుంది. యాపిల్ మొదటి హోమ్‌పాడ్ స్పీకర్ 2018లో వచ్చింది, మన దేశానికి 2020లో రూ.19,900కు చేరింది, 2021 మార్చిలో అమ్మకం ఆగింది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందాయి. మాట ఇవ్వకపోయినా పాత నడవడి బట్టి ఒక అంచనాకు రావచ్చు.

రెండో తరం హోమ్‌పాడ్ 2023లో వచ్చినప్పుడు ధర రూ.32,900. ఏడేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి రూ.4,700. ఈ అంకె ఎక్కువా తక్కువా అన్నది మీ ఇష్టం, కానీ ఈ అంకె తెలిశాకే కొనండి.

ఈ లెక్క బాగా ఉపయోగపడేది దసరా, దీపావళి ఆఫర్లప్పుడు. ఊరికే ఉదాహరణకు: ఈ ఏడాది వచ్చిన మోడల్ రూ.24,000, ఎనిమిదేళ్లు నడుస్తుందనుకోండి, ఏడాదికి మూడు వేలు. ఐదేళ్ల కిందటి మోడల్ ఆఫర్‌లో రూ.15,000కే ఇస్తున్నారు, కానీ మిగిలింది మూడేళ్లే అనుకోండి, ఏడాదికి ఐదు వేలు. తొమ్మిది వేలు మిగిలాయని సంబరపడి కొన్నది నిజానికి ఖరీదైనదన్నమాట. భారీ తగ్గింపు కనిపిస్తే కొత్త మోడల్ దారిలో ఉందేమో అని అనుమానించండి. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చట్టప్రకారం ఉంటాయి. దానిపై వేలు పెట్టి చూడండి.

దీనికి కొసరు ఖర్చులు కూడా కలపండి. ప్రకటనలు లేకుండా పాటలు కావాలంటే నెలనెలా కట్టే చందా ఉంటుంది. కరెంటు మాత్రం పెద్ద లెక్క కాదు. ఖాళీగా ఉన్నప్పుడు మూడు వాట్లు లాగుతుందనుకున్నా ఏడాదికి 26 యూనిట్లు.

మూడోది: గొంతు ఒకటి, మెదడు ఒకటి వేరుగా కొనగలరా చూడండి

నా సలహా సూటిగా చెప్పేస్తాను. సర్వీస్ సెంటర్ దూరంగా ఉండే మన ఊళ్లలో, అన్నీ ఒకే డబ్బాలో ఉన్న ఖరీదైన స్పీకర్ కంటే, మంచి మామూలు స్పీకర్ జత (గొంతు) ఒకటి, దానికి తగిలించే చౌక స్మార్ట్ పరికరం (మెదడు) ఒకటి కొనడం తెలివైన పని. డబ్బులో ఎక్కువ భాగం గొంతు మీద పెట్టండి. రబ్బరు అంచున్న కోన్, మంచి చెక్క పెట్టె ఉన్న స్పీకర్‌కు పదిహేను ఇరవై ఏళ్లు పెద్ద వయసు కాదు. (అంచు ఫోమ్‌దైతే వద్దు. మన తేమకు కొన్నేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది.) మెదడు నాలుగైదేళ్లకు ముసలిదైతే ఆ చిన్నదాన్ని మార్చుకుంటారు, గొంతు అలాగే ఉంటుంది.

ఇందులో ఒక చిక్కుంది. అమెజాన్ చిన్న స్మార్ట్ స్పీకర్లైన పాత ఎకో డాట్‌లకు వెనక ఆక్స్ రంధ్రం ఉండేది, వైరుతో పెద్ద స్పీకర్‌కు కలుపుకునేవాళ్లు. 2022లో వచ్చిన ఐదో తరంలో ఆ రంధ్రం తీసేశారు. బ్లూటూత్‌తో కలపాల్సిందే. కాబట్టి మెదడు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూసే అలవాటు చేసుకోండి.

అందం కోసం, వైర్లు కనిపించకూడదని ఒకే డబ్బా కావాలంటే, కనీసం బ్లూటూత్ లేదా ఆక్స్, రెండిట్లో ఒకటి ఉన్నదే తీసుకోండి. 2019 నాటి మొదటి ఎకో స్టూడియోలో రెండూ ఉన్నాయి. సోనోస్ పాత మోడళ్లు చాలావాటికి బ్లూటూత్ లేదు, 2023లో వచ్చిన ఎరా 100, ఎరా 300కి ఉంది. హోమ్‌పాడ్‌కు ఆక్స్ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి బ్లూటూత్‌లో పాట పంపడం కుదరదు, అసలు మొదటిసారి సెట్ చేయడానికే ఐఫోనో ఐప్యాడో కావాలి. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్ ఫోన్లయితే ఆ ముప్పై వేల డబ్బా ఎదురుగా కూర్చుని దణ్ణం పెట్టుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఇది కేవలం పదేళ్ల తర్వాతి బాధ కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా ఎంత అతలాకుతలమైందో పర్లాకిమిడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు కరెంటు ముందు వస్తుంది, ఇంటర్నెట్ తర్వాతెప్పుడో వస్తుంది. ఆ రెండింటి మధ్య రోజుల్లో ఫోన్‌లో దాచుకున్న పాట బ్లూటూత్‌లో వినగలిగితేనే అది స్పీకర్.

నాలుగోది: డబ్బు కట్టకముందే సర్వీస్ గురించి అడగండి

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పండి. రాయగడ అయితే 765001, గుణుపురం అయితే 765022. 'ఇండియా అంతటా సర్వీస్ ఉంది' అనే మాటను లెక్కలోకి తీసుకోకండి, ఈ పిన్‌కోడ్‌కు ఏం చేస్తారో చెప్పమనండి. ఇంటికి వచ్చి తీసుకెళ్తారా? లేక మనమే భువనేశ్వరో విశాఖో మోసుకెళ్లాలా? కొరియర్ ఖర్చు ఎవరిది? బాగుచేస్తారా, వేరేది ఇస్తారా? వేరేది ఇస్తే కొత్తదా, బాగుచేసిన పాతదా? దానికి వారంటీ మళ్లీ మొదలవుతుందా, మిగిలిన నెలలేనా? జవాబు మెయిల్‌లోనో చాట్‌లోనో తీసుకుని స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

బ్యాటరీ ఉన్న మోడలైతే ఇంకొక ప్రశ్న: బ్యాటరీ మార్చడానికి వీలుందా? సోనోస్ మూవ్ లాంటివాటికి బ్యాటరీ విడిగా మార్చుకోవచ్చు, చిన్నదైన రోమ్‌కు అలా వాడేవాళ్లే మార్చుకునే వీలు లేదు. లిథియం బ్యాటరీ రోజూ వాడితే మూడు నాలుగేళ్లలో నీరసపడటం మామూలే. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉండే స్పీకర్‌కు బ్యాటరీ కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకైతే అర్థం కాదు. రిపేర్‌కు పంపేటప్పుడు బ్యాటరీ ఉందని కొరియర్‌వాళ్లు పేచీ పెట్టినా పెట్టొచ్చు.

అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ అటక మీద పడేయండి, పారేయొద్దు. రేపు పంపాల్సి వస్తే అదే దిక్కు.

అమెరికా నుంచి ఎవరైనా తెస్తామంటే

ఇది మన ఇళ్లలో తప్పని ఘట్టం. 'అక్కడ చౌక మావయ్యా, వచ్చేటప్పుడు తెస్తాను' అంటాడు మేనల్లుడు. వద్దనడానికి మొహమాటం. కానీ స్పీకర్ల వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం. ఇక్కడి సర్వీస్ సెంటర్ సీరియల్ నంబర్ చూసి చేతులెత్తేయొచ్చు. తెస్తానని మాట ఇచ్చేశాడనుకోండి, అప్పుడు అతన్ని షాపులోనే అడుగుభాగం ఫోటో తీసి పంపమనండి. దాని మీద '100-240' వోల్టులు అని ఉంటే సరే. '120' అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్‌లో పెట్టిన క్షణమే దాని కథ ముగుస్తుంది. ఆ మోడల్‌ను మన దేశంలో అధికారికంగా అమ్ముతున్నారో లేదో కూడా చూసుకోమనండి.

ఐదోది: బిల్లు

విశాఖ డాబాగార్డెన్స్‌లో కొన్నా, బరంపురంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా జీఎస్టీ బిల్లు తప్పనిసరి. దాని మీద సీరియల్ నంబర్ ఉండాలి. థర్మల్ కాగితం బిల్లయితే ఏడాదిలో తెల్లకాగితమవుతుంది, కొన్నరోజే ఫోటో తీయండి. 'బిల్లు లేకపోతే రెండు వేలు తగ్గిస్తా' అనేవాడి మాట వింటే ఆ రెండు వేలకు మీ హక్కులన్నీ అమ్ముకున్నట్టే.

కొన్నది ఆంధ్రలో, ఉండేది ఒడిశాలో, గొడవొస్తే ఎక్కడికి పోవాలి అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు నివసించే చోటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. అంటే విశాఖలో కొన్న స్పీకర్ మీద రాయగడలో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు. సమస్య వచ్చిన రెండేళ్ల లోపు వేయాలి. దానికంటే ముందు 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. కమిషన్ దాకా పోకుండానే అక్కడ తేలే గొడవలు ఉంటాయి.

ఆరోది: ఇంటికి తెచ్చిన వారంలోనే ఈ పరీక్ష పెట్టండి

రిటర్న్ గడువు ముగియకముందే చేయాలి. స్పీకర్ సెట్ చేసి, పాట పెట్టి, రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేయండి. రౌటర్ ఆన్‌లోనే ఉంచండి. ఇప్పుడు ఏం పనిచేస్తుంది? వాల్యూమ్ మీటలు పనిచేస్తున్నాయా? ఫోన్‌లో ఉన్న పాట వెళ్తోందా? బ్లూటూత్ కలుస్తోందా? కంపెనీ సర్వర్ ఆగిపోయిన రోజు మీ చేతిలో మిగిలేది దాదాపు ఇంతే. ఏమీ పనిచేయకపోతే తిరిగిచ్చేయండి, ఆలోచించొద్దు.

రెండో పరీక్ష గోడలది. మన పాత ఇళ్ల గోడలు మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై వాటిని దాటలేక నీరసపడుతుంది, 2.4 ఇంకాస్త దూరం పోతుంది. పాట ఆగి ఆగి వస్తే స్పీకర్‌ను తిట్టకముందు రౌటర్‌ను ఆ గదికి దగ్గరగా జరిపి చూడండి.

మూడోది మాటలది. ఎకో స్పీకర్లలో మన మాట విని పనిచేసే అలెక్సాకు ఇంగ్లిష్, హిందీ వచ్చు. తెలుగు రాదు, ఒడియా రాదు. పాట పేరు తెలుగులో చెప్తే కొన్నిసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు ఏదో భోజ్‌పురి పాట పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు వాడాలన్న ఉద్దేశంతో కొంటుంటే వాళ్ల చేతనే అడిగించి చూడండి. కుదరకపోతే ఫోన్ నుంచే పెట్టుకునేవాళ్లకు 'స్మార్ట్' కోసం అన్ని వేలు దండగ.

ఏడోది: పెట్టే చోటు, పిడుగులు

మన వైపు స్పీకర్ల ఆయుష్షు సర్వర్లు తినకముందే పిడుగులు తినేస్తాయి. ఒడిశా ప్రభుత్వం పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చింది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కమ్మగానే ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. రౌటర్ అడాప్టర్ కూడా పీకాలి. ఫైబర్ తీగ గాజు కాబట్టి దాని గుండా పిడుగు రాదు, కానీ అడాప్టర్ గుండా వస్తుంది. పాత రాగి కేబుల్ కనెక్షనైతే అదీ తీసేయాలి. కరెంటు ఒక్కసారిగా ఎగసిపడితే అడ్డుకునే మంచి స్పైక్ గార్డ్ వాడండి, బజార్లో నూటయాభైకి దొరికే ఎక్స్‌టెన్షన్ బాక్సు స్పైక్ గార్డ్ కాదు. ఇంటికి ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎంత మంచిదైనా సగం పనే చేస్తుంది, ముందు ఎలక్ట్రీషియన్‌తో అది చూపించుకోండి.

వంటింటికి దూరంగా ఉంచండి, నూనె ఆవిరి గుడ్డ జాలీకి పడితే వదలదు. వెచ్చగా ఉండే డబ్బా కింద చీమలు, బల్లులు చేరతాయి, నెలకోసారి ఎత్తి తుడవాలి. గోపాలపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు కిటికీ పక్కన అసలే పెట్టొద్దు, ఉప్పుగాలికి వెనక ఉన్న పిన్నులు తుప్పు పడతాయి.

సెకండ్ హ్యాండ్ కొన్నా, సపోర్ట్ ఆగిపోయినా

పాతది కొనేటప్పుడు అమ్మేవాడి ఎదుటే అతని అకౌంట్ నుంచి తీయించి, రీసెట్ చేయించి, మీ ఫోన్‌లో సెట్ అయ్యాకే డబ్బు ఇవ్వండి. ఒకప్పుడు సోనోస్‌లో 'రీసైకిల్ మోడ్' అని ఉండేది. కొత్తదాని మీద తగ్గింపు కోసం పాతదాన్ని అందులో పెడితే ఆ స్పీకర్ ఇక ఎప్పటికీ పనిచేయదు. 2019 చివర్లో దీని మీద విమర్శలు వచ్చాక, 2020లో తీసేశారు.

మీ దగ్గరున్నదానికే అప్‌డేట్లు ఆగిపోయాయనుకోండి. మైకు ఉన్న పరికరం కాబట్టి ముందు మైకు మీట ఆపేయండి. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం వేరుగా ఉండే వైఫై) ఉంటే దానికి మార్చండి, బ్యాంకు పనులు చేసే ఫోన్, కంప్యూటర్ ఉన్న నెట్‌వర్క్‌లో ఉంచొద్దు. అసలు వైఫై నుంచే తీసేసి బ్లూటూత్‌తోనో ఆక్స్ తీగతోనో వాడుకుంటే ఇంకా మంచిది. వెనక ఆక్స్ రంధ్రం ఉంటే టీవీకి తగిలించండి, ఇప్పటి సన్నటి టీవీల సొంత సౌండ్ కంటే పదేళ్ల నాటి మంచి స్పీకర్ నయం. బ్లూటూత్, ఆక్స్ రెండూ లేకపోతే ఆ మోడల్ పేరుతో ప్రోగ్రామర్లు ఏదైనా తయారు చేశారేమో ఇంజినీరింగ్ చదివే పిల్లల చేత వెతికించండి, గుణుపురంలో అలాంటి పిల్లలకు కొదవ లేదు. వాళ్లకూ లొంగకపోతే తూకం వేసే పాత సామాన్ల బండికి ఇవ్వకండి. బ్యాటరీ ఉన్న డబ్బాను సుత్తితో పగలగొడితే మంట లేస్తుంది. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కే ఫోన్ చేసి ఈ-వేస్ట్ ఎక్కడ తీసుకుంటారో అడగండి. 2022 ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారుదే.